చాచా గారి ప్లేట్ల పెట్టె

గత విద్యాసంవత్సరం చివరి వారంలో మా తెలుగుశాఖ గదిలోకి ఒక ఇనుప ట్రంకు పెట్టె వచ్చి చేరింది. దానిని నలుగురు విద్యార్థులు మెట్ల మీదుగా రొప్పుతూ మోసుకొచ్చారు. అందులో ఏమున్నదని కార్యాలయ గుమాస్తా అడుగగా, వారిలో ఒకడు "ప్లేట్లండీ" అన్నాడు. విందులకు వాడే ప్లేట్లు కాబోలునని ఆ గుమాస్తా వాటిని క్యాంటీను సామానుల పద్దులో వ్రాయబోయాడు. ఇది నవ్వుకోదగిన సంగతే. అయితే మన తాతల కాలంలో ఏ వీధిలోనైనా ప్లేటు అనగానే గ్రామఫోను ప్లేటే స్ఫురించేది. ఆ మాటకు ఆ అర్థం పోయి ఎంతో కాలం కాలేదు.

ఆ పెట్టెను గురించి మా అభిప్రాయాన్ని ఈ సంచికలో విన్నవించదలిచాము. ఇందుకు కారణం ఉన్నది. దానిని ఏమి చేయాలన్న ప్రశ్న పాలకవర్గం ముందుకు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ వాయిదా పడింది. ఈలోగా పెట్టె మా గది కిటికీ క్రిందనే ఉన్నది.

దాత మా కళాశాలకు కొత్తవారు కారు. రేవులో టగ్గు పడవల మీద ఫిట్టరుగా 37 సంవత్సరాలు పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దలు. వన్‌టౌనులో దర్గా కొండ దిగువ వీధులలో చిన్నా పెద్దా అందరూ ఆయనను చాచా అంటారు. మేమూ అట్లే అంటాము. పేరు వేయవద్దని వారు కోరినందున వేయడం లేదు. వయస్సు ఎనభై దాటింది. రెండేళ్ళుగా ఆయాసం. ధూళి లేని చోట ఉండవలసినదని వైద్యులు చెప్పగా పెందుర్తిలోని కుమార్తె ఇంటికి తరలిపోయారు. అక్కడ రెండు గదులలో ఆరుగురు మనుషులు. పెట్టెకు చోటు లేదు. "మనిషికి దొరికిన చోటు ప్లేట్లకు దొరకలేదు బేటా, మీ పిల్లలకు పనికివస్తాయేమో చూడండి" అన్నారు.

పెట్టెలో మొత్తం 212 ప్లేట్లున్నవి. సుమారు తొంభై పాతకాలపు లక్క ప్లేట్లు, అనగా నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. తక్కినవి 33 చుట్లు తిరిగే లాంగ్‌ప్లే ప్లేట్లు. పౌరాణిక నాటక పద్యాలున్నవి. టంగుటూరి సూర్యకుమారి పాడిన 'మా తెలుగు తల్లికి' ఉన్నది. ఖవ్వాలీలు, నాత్‌లు ఉన్నవి. ఘంటసాల భగవద్గీత ఉన్నది. ఇవన్నీ పోగా సగానికి పైగా ఉన్నవి జాజ్ సంగీతపు ప్లేట్లు. విశాఖపట్నం వన్‌టౌనులోని ఒక ఫిట్టరు ఇంట జాజ్ సంగీతమేమని మేమూ ఆశ్చర్యపోయాము. అందుకాయన సమాధానం సులభంగానే వచ్చింది. ఓడలు మరమ్మతు కోసం రోజుల తరబడి నిలిచిపోయేవి. నావికులకు చేతిలో డబ్బు ఆడేది కాదు. ప్లేటు ఇచ్చి బదులుగా చేపల కూర, బిర్యానీ, ఒక్కొక్కసారి ఒక గడియారపు మరమ్మతు పుచ్చుకునేవారు. ఆ విధంగా మొదలైనది నలభై ఏళ్ళు సాగింది.

జాజ్ అనగానేమో తెలియని విద్యార్థులకు రెండు మాటలు చెప్పాలి. మన ఉర్దూ విద్యార్థులకు తరహీ ముషాయిరా తెలిసినదే. ఒక మిస్రా ఇస్తారు. ఛందస్సు, కాఫియా, రదీఫ్ అన్నీ దానితోనే నిర్ణయమైపోతాయి. ఆ కట్టడిలోనే పదిమంది షాయర్లు పది గజళ్ళు చెబుతారు. తెలుగు విద్యార్థులకు సమస్యాపూరణం తెలుసు. అవధాని ఇచ్చిన పాదాన్ని పట్టుకొని అప్పటికప్పుడు తక్కిన మూడు పాదాలు అల్లుతాడు. జాజ్ వాద్యకారులు చేసేదీ ఇదే. అందరికీ తెలిసిన ఒక పాట వరుసను మిస్రాగా తీసుకొని, ఒకరి తరువాత ఒకరు తమ తమ మనోధర్మాన్ని అనుసరించి దానిని విస్తరిస్తారు. అమెరికాలో మిసిసిపీ నదిపై న్యూ ఆర్లియన్స్ అనే రేవు పట్టణంలో, బానిసత్వం నుండి బయటపడిన నల్లజాతివారి నడుమ ఈ కళ పుట్టింది. రేవు పట్టణంలో పుట్టిన సంగీతం రేవు పట్టణానికి చేరడం వింత కాదనే మేము అనుకుంటాము.

పెట్టెలోని ఒక లక్క ప్లేటును గురించి ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది. అది యుద్ధకాలంలో కలకత్తాలో కొలంబియా కంపెనీకి ముద్రింపబడినది. పియానో వాయించినవాడు టెడ్డీ వెదర్‌ఫర్డ్. ఈయన 1903లో వర్జీనియా రాష్ట్రంలోని పోకహాంటస్ అనే బొగ్గుగనుల ఊరిలో జన్మించాడు. చికాగోలో ఎర్‌స్కిన్ టేట్ వాద్యబృందంలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రక్కన కూర్చుని వాయించాడు. 1926లో ఆ కీర్తిని వదలుకొని తూర్పు దేశాలకు బయలుదేరి షాంఘైలోను, తరువాత బొంబాయి తాజ్‌మహల్ హోటలులోను వాయించి, యుద్ధపు రోజులలో కలకత్తా గ్రాండ్ హోటలు చేరాడు. ఆ హోటలు గోడ వెలుపల 1943లో వంగదేశపు క్షామం తాండవించింది. లోపల సైనికుల కోసం ఈయన పియానో. 1945 ఏప్రిల్‌లో ఆ నగరంలోనే, నలభై ఒకటవ యేట, కలరా సోకి మరణించాడు.

మేము ఈ ప్లేటు ముందు చాలాసేపు ఆగిపోయాము. షాంఘై మీదుగా సగం ప్రపంచాన్ని దాటివచ్చిన కళాకారుణ్ణి కలుషితమైన నీరో తిండియో బలిగొన్నది. ఆ నగరంలోనే 1884లో రాబర్ట్ కాఖ్ కలరా క్రిమిని గుర్తించాడు. ఆ నగరంలోనే 1959లో శంభునాథ్ దే ఆ క్రిమి విడుదల చేసే విషాన్ని కనుగొన్నాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు సరిహద్దున బన్‌గావ్ శిబిరంలో కలరాతో రాలిపోతున్నపుడు, దిలీప్ మహలనబీస్ అనే వైద్యుడు సూదిమందు సీసాలు చాలక, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి త్రాగించాడు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగుకు లోపు తగ్గినవి. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. కొలత తలగొట్టినట్లు సమంగా ఉండాలి. వెదర్‌ఫర్డ్ కాలానికి ఈ మాట లోకానికి తెలియదు. నేడు మన విద్యార్థులలో ఎందరికి తెలుసునని మా తరగతిలో అడిగి చూశాము. అరవై మందిలో సరియైన కొలత చెప్పినవారు ముగ్గురు. ఒక ప్లేటు వలన ఆ కొలత నల్లబల్ల మీదికి ఎక్కింది. తెలుగు లెక్చరరుకు ఇది పాఠ్యాంశం కాదని ఎవరైనా అంటే మా వద్ద జవాబు లేదు.

ఇక వార్తల సంగతి. చాచా గారికి ప్లేట్లతో బాటు షార్ట్‌వేవ్ రేడియో ఉండేది. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ అనే ఆయన 1955 నుండి జాజ్ కార్యక్రమాన్ని నడిపేవాడు. ఇంగ్లీషు సరిగా రానివారికి కూడా అర్థమయ్యేటట్లు ఒక్కొక్క మాటను విడదీసి, గంభీరమైన గొంతుతో మెల్లగా పలికేవాడు. చాచా గారికి వచ్చిన ఇంగ్లీషంతా ఆయన పెట్టిన భిక్షయేనట. పాట కోసం రేడియో పెడితే వార్తలు వినవలసి వచ్చేది. వార్తల కోసం పెడితే పాట వినబడేది. ఈ రెండింటినీ ఆయన ఏనాడూ వేరు చేసి చూడలేదు. ఒక్కొక్క ప్లేటు తీసి ఇది ఫలానా సంవత్సరంలో ఫలానా సంఘటన అంటారు. మొదట మాకది ముసలివారి అలవాటుగా తోచింది. విచారించి చూడగా నిజమే.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను అమెరికా ప్రభుత్వం తన రాయబారిగా దేశదేశాలు త్రిప్పదలచింది. 1957లో లిటిల్ రాక్ పట్టణంలో నల్లజాతి పిల్లలను బడిలో అడుగు పెట్టనీయనపుడు, ఆయన తమ అధ్యక్షుణ్ణి బహిరంగంగా నిందించి సోవియట్ పర్యటన మానుకున్నాడు. ప్రభుత్వం చేతిలో ఉన్న బాకా ప్రభుత్వం మీదనే మ్రోగింది. 1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హాంలో ఒక చర్చిలో బాంబు ప్రేలి నలుగురు బాలికలు మరణించారు. రెండు నెలలకు జాన్ కోల్ట్రేన్ 'అలబామా' అనే రచనను శాక్సఫోనుపై వాయించాడు. అందులో మాటలు లేవు. మేము మొదటిసారి విన్నపుడు అది మొహర్రం రాత్రి దూరాన వినవచ్చే మర్సియా వలె తోచింది. అదే సంవత్సరం డ్యూక్ ఎలింగ్టన్ బృందం మన దేశంలో వాయించి పశ్చిమాసియాకు వెళ్ళి, టర్కీలో ఉండగా కెనెడీ హత్యావార్త వచ్చి యాత్ర ఆగిపోయింది. ఆ యాత్ర జ్ఞాపకంగా వెలువడిన ప్లేటులో ఢిల్లీ మైనాపిట్ట కూతను క్లారినెట్టుపై వినిపించారు. ఆ ప్లేటు పెట్టెలో ఉన్నది, అట్ట మాత్రం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు చాచా గారి పైకప్పు రేకులు లేచిపోయినపుడు తడిసి జారిపోయిన అట్టలలో అదొకటి.

మనం వినే ప్రపంచవార్తలలో మన ఊరి పేరు ఎన్నిసార్లు వినబడింది? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు రేవుపై బాంబులు వేసినపుడు వినబడింది. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన తీరాన మునిగినపుడు వినబడింది. హుద్‌హుద్ నాడు, తరువాత 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన నాడు వినబడింది. అనగా ప్రమాదం జరిగితే గాని మన ఊరు లోకానికి గుర్తుకు రాదు. వారం తిరిగేసరికి మరో ఊరి వార్త వస్తుంది. వార్తకు ఆయుర్దాయం తక్కువ. అలబామా వార్త అరవై ఏళ్ళ తరువాత దర్గా కొండ క్రింద ఒక ముసలివాని గదిలో బ్రతికి ఉన్నదంటే, దానిని ఎవరో పాటగా మలచినందువలన, మరెవరో ఆ పాటను దాచినందువలన. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఈ ఊరి వీధులలో మ్రోగిన 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' నినాదం కోసం పెట్టె అంతా వెదికాము. అందులో లేదు. ఆ నవంబరు 1న జరిగిన కాల్పుల శబ్దాన్ని చెవులారా విన్నవారు మన పేటలలో ఇంకా ఉన్నారు. టేపు పెట్టి వారి చేత చెప్పించే పని మన విద్యార్థులు ఇకనైనా మొదలుపెట్టవచ్చు. నేడు జేబులోని టెలిఫోనులోనే టేపు ఉన్నది కదా!

పాలకవర్గంలో వినవచ్చిన అభ్యంతరాలను ఇక్కడ ప్రస్తావించకపోతే వ్యాసం ఏకపక్షమవుతుంది. పాత ప్లేట్లకు ఇప్పుడు మంచి ధర పలుకుతున్నది గనుక అమ్మి బల్లలు కొనవచ్చునన్నారు ఒకరు. బల్లలు కావలసినవే. అయితే దానమిచ్చిన సొత్తును దాత బ్రతికి ఉండగానే అంగడికెక్కించడం మర్యాద కాదన్న ఒక్క మాటతో దీనిని ముగిస్తాము. ఈ పాటలన్నీ కంప్యూటరులో దొరుకుతాయి గదా అన్నారు మరొకరు. చాలావరకు దొరుకుతాయి. కాని వెదర్‌ఫర్డ్ పేరు తెలిస్తే గదా వెదికేది!

మూడవ అభ్యంతరం గౌరవించదగినది. సంగీతం విషయంలో మన పెద్దలలో అభిప్రాయభేదం ఏనాటి నుండో ఉన్నది. వినకూడదని నమ్మేవారిని వినుమని బలవంతం చేసే హక్కు మాకు లేదు, ఆ కోరికా లేదు. మేము అడిగేది గ్రంథాలయంలో భద్రపరచుమని. ఇష్టమున్నవారు వింటారు. లేనివారు అట్టల మీద ముద్రించిన చరిత్ర చదువుతారు, లేదా అటు పోనే పోరు. అయితే ఇది మనది కాదు, పరాయిది అన్న మాటను మాత్రం మేము ఒప్పుకోలేము. పెట్టెలోని అట్టల మీది పేర్లు చూడండి. అహ్మద్ జమాల్, యూసుఫ్ లతీఫ్. వీరు అమెరికా నల్లజాతిలో పుట్టి ఇస్లాంను స్వీకరించినవారు. కేప్‌టౌన్ రేవులో పుట్టిన అబ్దుల్లా ఇబ్రహీం 1974లో చేసిన 'మానెన్‌బర్గ్' దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షపై పోరాడినవారి గీతమైంది. అంత దూరం పోనక్కరలేదు. ప్రకాశం జిల్లా కరవది నుండి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని సన్నిధిలో నాదస్వరం ఊదిన షేక్ చినమౌలానా ఎవరు? బుర్రకథకు ఊపిరిపోసిన షేక్ నాజర్ ఎవరు? పిఠాపురంలో కూర్చుని తెలుగు పద్యాన్ని తన సొంతం చేసుకున్న ఉమర్ ఆలీషా కవి ఎవరు? ఒకరి ఇంటి విద్యను మరొకరు నేర్చి తమదిగా చేసుకోవడం మనకు తెలియని విషయమా?

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కథ ఇందుకు తిరుగుడు. పాశ్చాత్య వాద్యమైన మాండొలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించిన ఆ బాలుడు 1983లో, పదమూడు పద్నాలుగేళ్ళ ప్రాయంలో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి సభను మెప్పించాడు. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి దేశదేశాలు తిరిగాడు. 2014 సెప్టెంబరులో కాలేయవ్యాధితో చెన్నైలో మరణించేనాటికి ఆయన వయస్సు 45. చార్లీ పార్కర్ 34వ యేట, బిల్లీ హాలిడే 44వ యేట, కోల్ట్రేన్ 40వ యేట పోయారు. మొదటి ఇద్దరినీ మత్తు పదార్థాలు తినివేసినవి. శ్రీనివాస్‌ది అటువంటి కథ కాదు, రోగం. అయినా పెట్టె సర్దేటపుడు పుట్టిన, గిట్టిన సంవత్సరాలు వరుసగా కనబడుతుంటే చేతులు ఆగుతాయి.

ఇక్కడికి మేము చెప్పదలచిన అసలు సంగతికి వచ్చాము.

చాచా గారు పెట్టె అప్పగించేటపుడు రెండు గంటలసేపు మాకు పాఠం చెప్పారు. ప్లేట్లను బోర్లా పేర్చరాదు, పుస్తకాల వలె నిలువుగా ఉంచాలి. లేకుంటే బరువుకు, వేడికి వంగుతాయి. లక్క ప్లేటును స్పిరిటుతో తుడవరాదు. లక్క స్పిరిటులో కరిగిపోతుంది. (లక్క ఇల్లు నిప్పుకు కరిగితే, లక్క ప్లేటు స్పిరిటుకు కరుగుతుందని మేము అంటే ఆయన నవ్వలేదు.) 78 వేగపు ప్లేటుకు, లాంగ్‌ప్లే ప్లేటుకు ఒకే ముల్లు పనికిరాదు. అన్నింటికంటె ముఖ్యమైనది ధూళి. లాంగ్‌ప్లే ప్లేటు గాడి వెడల్పు మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. అందులో ధూళి పడితే ముల్లు దానిని రుద్దుకుంటూ పోతుంది. చిటపట శబ్దం వస్తుంది. గాడి అరిగిపోతుంది. ఆ పోయిన నాదం ఇక రాదు.

మేము శ్రద్ధగా ప్రతి గురువారం తుడవసాగాము. తెల్లని మెత్తటి గుడ్డ మొదటి ప్లేటుకే బూడిదరంగుకు తిరిగింది. మరుసటి గురువారం మళ్ళీ అంతే. కిటికీ రోడ్డు వైపు ఉన్నది. లారీలు పోతుంటవి. మన ఊరిలో ముడిఇనుము, బొగ్గు, ఎరువులు ఎక్కుతూ దిగుతూ ఉంటవి. రోడ్ల త్రవ్వకాలు, వాహనాల పొగ ఉన్నవి. ఇందులో ఎవరి పాలు ఎంతో తేల్చడం మా పని కాదు. 2019లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన స్వచ్ఛవాయు పథకంలో, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖపట్నం ఉన్నదన్నది మాత్రం బహిరంగమైన విషయం. గుడ్డకు అంటేది పెద్ద ధూళి. దానికంటె సన్ననిది, శాస్త్రజ్ఞులు పి.ఎం. 2.5 అనేది, మిల్లీమీటరులో నాలుగు వందలవ వంతు మాత్రమే ఉండి గుడ్డకు చిక్కక ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది. ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున ఇది 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో చెప్పింది. మన దేశపు హద్దు 40.

ప్లేట్లను తుడుస్తున్న మూడవ గురువారం నాడు తోచిన ఆలోచన ఇది. ఆ కిటికీకి నాలుగడుగుల దూరంలో ప్రథమ సంవత్సరం విద్యార్థుల వరుస మొదలవుతుంది. మేము ప్లేట్ల కోసం వారం వారం గుడ్డ మారుస్తున్నాము. ఆ వరుసలో కూర్చున్నవారు ఏడాదిలో రెండు వందల రోజులు అదే కిటికీ గాలి పీలుస్తారు. చాచా గారితో ఈ మాట అంటే ఆయన తన ఆయాసం మధ్య ఒక్క వాక్యం అన్నారు: "ప్లేటు కడగవచ్చు బేటా, ఇది కడగలేరు" అని రొమ్ము మీద చెయ్యి వేసుకున్నారు.

చెవుల సంగతి కూడా ఒకటి. పూర్వం బాకా గ్రామఫోనుకు శబ్దం తగ్గించే మీట ఉండేది కాదు. ఇరుగుపొరుగువారు గోల పెడితే బాకాలో గుడ్డ కుక్కేవారు. నేడు మన విద్యార్థులు చెవులలో తీగలు కుక్కుకొని, మేము వెనుక నుండి మూడుసార్లు పిలిచినా పలకరు. ప్రపంచంలో నూరు కోట్లకు పైగా యువతీయువకులు ఇట్టి అలవాట్ల వలన వినికిడి పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరిస్తున్నది. లక్క ప్లేటు ఒక ప్రక్క మూడు నిమిషాలలో ముగుస్తుంది. లేచి వెళ్ళి త్రిప్పి వేయాలి. ఆ లేవడంలో చెవికి విశ్రాంతి, కాళ్ళకు పని రెండూ ఉన్నవి. చాచా గారు నలభై ఏళ్ళు జాజ్ విన్నారు. ఇప్పటికీ ప్రక్క గదిలో గుసగుసలాడినా వినబడుతుంది. దానివలన ఇంట్లోవారికి ఇబ్బంది అన్నది వేరే సంగతి.

కనుక పాలకవర్గానికి మా విన్నపం ఏమనగా: గ్రంథాలయం వెనుక, రోడ్డుకు ఎదురుగా లేని చిన్న గది ఒకటి ప్రస్తుతం విరిగిన బల్లలతో నిండి ఉన్నది. దానిని ఖాళీ చేయించి, కిటికీలకు అద్దపు రెక్కలు పెట్టించి, నిలువు అరల బీరువా ఒకటి, రెండు రకాల ముల్లులు గల ప్లేయరు ఒకటి ఇప్పించండి. శనివారం తరగతులు ముగిసిన తరువాత ఒక గంటసేపు వినే వీలు కల్పించండి. నమాజు వేళలకు, రంజాను మాసానికి అడ్డు రాకుండా చూచుకునే పూచీ మాది. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి ప్రతి ప్లేటుకు రెండు లిపులలో పట్టిక వ్రాస్తారు. ఇందుకయ్యే ఖర్చు వార్షికోత్సవం నాడు మనం తెప్పించే లౌడ్‌స్పీకర్ల అద్దెకు మించదని విచారించి చెబుతున్నాము. ఆ లౌడ్‌స్పీకర్ల వలన చెవులకు కలిగే మేలు కూడా అందరికీ తెలిసినదే.

దానితో బాటు రోడ్డు వైపున ఉన్న నాలుగు తరగతి గదుల కిటికీలకూ అదే అద్దపు రెక్కలు పెట్టించాలి. గాలి ఆడడానికి లోపలి వసారా వైపు కిటికీలు ఉండనే ఉన్నవి. ఊడ్చేటపుడు పొడి చీపురు మాని తడిగుడ్డతో తుడిపించాలి. ఇది ఊరి ధూళిని తగ్గించే ఉపాయం కాదని మాకు తెలుసు. అది పెద్దవారి చేతిలో పని. మన గోడల లోపల మన చేతిలో ఉన్నది ఇంత. రెండు కోరికలలో ఒక్కదానికే డబ్బు ఉన్నదంటే ముందు తరగతి గదులకు పెట్టించండి. ప్లేట్లు మరో ఏడాది మా గుడ్డను నమ్ముకొని ఉంటాయి. ఈ మాట చాచా గారిని అడిగే వ్రాస్తున్నాము.

పోయిన శుక్రవారం జుమ్మా నమాజు తరువాత ఆయన పెందుర్తి నుండి టెలిఫోను చేశారు. ప్లేట్లు నిలువుగా ఉన్నవా, బోర్లా ఉన్నవా అని మొదటి ప్రశ్న. నిలువుగానే ఉన్నవని చెప్పాము. ఎవరైనా విన్నారా అని రెండవ ప్రశ్న. ప్లేయరు ఇంకా రాలేదని, తీర్మానం వచ్చే సమావేశంలో పెడతారని చెప్పాము. కొంతసేపు ఆయన దగ్గు వినబడింది. ఆ కలకత్తా ప్లేటు అంచున చిన్న బీట ఉన్నదనీ, వేసేటపుడు ముల్లును ఆ బీట దాటిన తరువాతనే దించమనీ చెప్పి పెట్టేశారు.